మూడుకాళ్ళ సవతి

సబా అల్ సలేం,
23 నవంబరు 1984

మామకు,

ముందుగా చెబుతున్నాను, నా రాత చూసి నవ్వొద్దు. నాలుగో తరగతి దాటి నేను బడికి పోలేదని నీకు తెలుసు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ అనుమానమే. తప్పులు కనిపిస్తే కంటితో కాకుండా నోటితో చదువుకో, సరిపోతాయి. నా అక్షరాలు గొర్రెల మంద మాదిరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పోతాయని మా పంతులు అనేవాడు. ఇప్పుడూ అట్లాగే పోతున్నాయి.

రాయమని ధైర్యం చెప్పింది నీళ్ళ ట్యాంకరు అన్వర్ బాషా అన్న. సులైబియాలో నీళ్ళు పట్టుకొని ఎడారిలో మీ గుడారాలకు పోసి వస్తాడు కదా. మా ముసలామె యుమ్మా తన కొడుకుకు పంపే రొట్టెలు, నిమ్మకాయ ఊరగాయ తీసుకుపోవడానికి శుక్రవారం మా గుమ్మం ముందు ఆగుతాడు. "ఏమ్మా చెల్లే, మీ ఆయనకి ఏమన్నా చెప్పాల్నా? నోటితో చెప్పను సిగ్గయితే కాయితం మీద పెట్టియ్యి. నాకు సదువు రాదులే, బయపడొద్దు" అన్నాడు. రాయచోటి మాట విని ప్రాణం లేచి వచ్చింది.

ఒకే కువైట్‌లో ఉండి ఉత్తరాలు రాసుకునే మొగుడూ పెళ్ళాలు మనమే అయ్యుంటాము. నువ్వు అర్దియాలో నీ యజమాని బాబా ఇంట్లో డ్రైవరుగా ఉన్నన్నాళ్ళూ శుక్రవారం వచ్చి వంటింటి తలుపు దగ్గర కాసేపైనా నిలబడి పోయేవాడివి. చలికాలం వచ్చి బాబా ఎడారిలో గుడారాలు వేసిన తరువాత ఆ కాసేపూ లేదు.

ఇక్కడ పని కష్టం కాదు. నేనూ, బాబా తల్లీ, ఇద్దరమే. ఆమె పిల్లలందరూ యుమ్మా అంటారు కాబట్టి నేనూ యుమ్మా అంటున్నాను. ఆమెకు కోడలంటే పడదు. ఆ కోడలు ఈ గడప తొక్కదు, నేను ఇంతవరకు ఆమె ముఖం చూడలేదు. ఆమె మాట ఈ ఇంట్లో ఎత్తకూడదు.

అసలు సంగతి. జనవరిలో నా ఇఖామా, అదే ఇక్కడ ఉండటానికి ముద్ర, కొట్టించాలట. ఆ లోపల నేను ఉండేదీ పోయేదీ చెప్పాలట. "ఉండేదానివైతే ఉండు, ఏడ్చేదానివైతే ఇప్పుడే పో" అని యుమ్మా చేతులతో చేసి చూపించింది. నీ కోసమే వచ్చాను. నువ్వే కనబడకపోతే ఇక్కడ ఎందుకు అనిపిస్తోంది. ఏం చెప్పమంటావు?

నీ గంగులు


సాల్మి రోడ్డు, గుడారాల నుంచి
30 నవంబరు 1984

గంగులూ,

నీ గొర్రెల మంద క్షేమంగా చేరింది. ఒక్క గొర్రె కూడా తప్పిపోలేదు. ఉంటానని యుమ్మాకు చెప్పు, అందులో ఆలోచించడానికి ఏముంది?

ఇక్కడి సంగతి విను. బాబా డేగలతో హుబారాను వేటాడతాడు. హుబారా అంటే మన చేలల్లో అప్పుడప్పుడు కనబడే బట్టమేక పిట్టకు చెల్లెలు అనుకో. ఇసుక రంగులో ఉంటుంది, మెడ దించి కూర్చుంటే పక్కనే ఉన్నా కనబడదు. డేగ దాన్ని తరుముకుంటూ పోయి కంటికి ఆననంత దూరంలో ఎక్కడో దిగుతుంది. ఎక్కడ దిగిందో తెలియక మేము జీపులో తిరుగుతూనే ఉంటాము. అందుకని బాబాకు దూరం చూసే దుర్భిణి కావాలనిపించింది. రెండు కళ్ళకు పెట్టుకునేది కాదు, ఒక్క కన్ను ఆనించి చూసేది, మూడుకాళ్ళ స్టాండు మీద నిలబెట్టేది. నన్ను కూడా తీసుకొని పట్నంలో దుకాణానికి పోయాడు.

దుకాణంలో రెండు చూపించారు. ఒకదాని ముందు గాజు అరచేయంత వెడల్పు, నడుము దగ్గర తిప్పితే ఇరవై రెట్ల నుంచి అరవై రెట్ల దాకా దగ్గరికి తెస్తుంది. రెండోది చిన్నది, సన్నది, తేలిక. పెద్దదాన్ని వాకిట్లో నిలబెట్టి నన్ను చూడమన్నారు. గంగులూ, సముద్రంలో ఒక పడవ మీద ముసలాయన పంటి సందులో పుల్ల పెట్టి కెలుక్కుంటున్నాడు. ఆయన పళ్ళు నాకు కనబడుతున్నాయి! ఆ పడవ ఉన్నట్టు కూడా నా కంటికి తెలియదు. దాని మీద నుంచి కన్ను తీయబుద్ధి కాలేదు. బాబా భుజం పట్టుకొని లాగాడు.

బాబా పెద్దదే కొన్నాడు. ఇక్కడికి తెచ్చాక తెలిసింది. మధ్యాహ్నం ఎండలో అరవై రెట్లకు తిప్పితే నేల మీది వేడి ఉడికే నీళ్ళ మాదిరి కదులుతుంది, అంతా మసక. ఇరవైకీ ముప్పైకీ మధ్య ఉంచితేనే పిట్ట పిట్టలా ఉంటుంది. స్టాండేమో ఫోటోలు తీసేవాళ్ళ రేకు స్టాండు, గాలి వీస్తే చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. పైగా కంటి గొట్టం తిన్నగా ఉంది, బాబా ఎత్తుకు పెడితే నాకు అందదు, నాకు పెడితే బాబా నడుము పట్టేస్తుంది. నచ్చకపోతే మార్చి ఇస్తామని దుకాణంవాడు ముందే అన్నాడు. మళ్ళీ పోతాము. నాకైతే కళ్ళు మూసుకున్నా అదే కనబడుతోంది.

చలి ఎక్కువైంది. చెవులు కప్పుకో.

నీ మామ,
చిన్నపుల్లయ్య


సబా అల్ సలేం,
7 డిసెంబరు 1984

మామకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది అందులో నేను ఎక్కడైనా ఉన్నానేమోనని. మొదట ఒక నవ్వు, చివర చెవులు కప్పుకో. మధ్యలో ఉన్నదంతా ఆ దుర్భిణి. దాని గాజు, దాని నడుము, దాని మీద నుంచి తీయబుద్ధి కాని నీ కన్ను. మన పెళ్ళిలో తలంబ్రాలు పోసేటప్పుడు కూడా నువ్వు నా వైపు చూడలేదు, మా నాయనతో మేకల బేరం మాట్లాడుతున్నావు. నేను నీ నెత్తిన పోసిన బియ్యం నీ చెవిలో పడితే అప్పుడు తిరిగావు. నాకు గుర్తుంది.

నచ్చకపోతే మార్చి ఇస్తారని రాశావు. ఈ దేశంలో అన్నింటికీ అదే పద్ధతి అనుకుంటున్నావేమో. నేను ఊరికే అంటున్నాను, మనసులో పెట్టుకోకు.

ఉంటానని యుమ్మాకు ఇంకా చెప్పలేదు. చెబుతాను.

ఒక మాట అడగాలి. పోయిన వారం అన్వర్ అన్న రొట్టెలు తీసుకుంటూ అలిసిపోయి మెట్ల మీద కూర్చున్నాడు. నేను టీ ఇచ్చాను. "నీ సేతి టీ అన్నా దొరికిందిమ్మా. ఆడ గుడారాల్లో రెడ్డెమ్మని ఒక పిల్ల కొత్తగా వచ్చింది. టీ అడగదామంటే దానికి తీరికేదీ? పొద్దన లేసినకాణ్ణించి మామా, మామా అని ఒగటే తిరుగుడు. మామా పిలిస్తే సాలు, సేతిలో గిన్నె ఆన్నే పారేసి ఉరుకుతాది. ఇంగ మన గోడు ఎవురికి?" అన్నాడు. అని నవ్వాడు కూడా. నేను రొట్టెల మూట ఆయన చేతికి ఇవ్వబోయి నా దగ్గరే పెట్టుకున్నాను. "ఇయ్యమ్మా, యాడ సూస్తాండావు?" అంటే గానీ తెలివి రాలేదు.

ఆ రెడ్డెమ్మ ఎవరు? మనకు ఏమవుతుంది? మీ నాయన తరపా? నాకు తెలియని చుట్టరికం ఏదైనా ఉంటే చెప్పు. వరస లేకుండా ఎవరూ ఎవరినీ అట్లా పిలవరు కదా. ఒంటరి ఆడపిల్ల ఆ ఎడారిలో ఎక్కడ పడుకుంటుంది, ఎట్లా ఉంటుంది, అదీ రాయి. పాపం అని అడుగుతున్నాను, ఇంకేం లేదు.

నీ గంగులు


సాల్మి రోడ్డు,
14 డిసెంబరు 1984

గంగులూ,

దుర్భిణి మార్చుకున్నాము! ఇప్పుడు తెచ్చినదాని కంటి గొట్టం పైకి వంగి ఉంది. బావిలోకి తొంగి చూసినట్టు తల కొంచెం వంచి పై నుంచి చూస్తావు, అది మాత్రం తిన్నగా దూరం చూస్తుంది. మొదట రోజు ఎటు తిప్పితే ఎటు పోతుందో తెలియక నేను ఆకాశమంతా వెతికాను, బాబా పడీపడీ నవ్వాడు. అలవాటైతే ఇదే సుఖం. పొట్టివాళ్ళకు సరిపోయేట్టు పెడితే పొడుగువాళ్ళు వంగి చూడవచ్చు, మాటిమాటికి స్టాండు సర్దే పని లేదు. గాజు మొదటిదానికంటే చిన్నదే, కానీ తెల్లవారగానే, పొద్దు గుంకేటప్పుడు కూడా తేటగా చూపిస్తుంది. పెద్ద అంకెలు చూసి మోసపోకూడదని బాబా ఇప్పుడు అందరికీ చెబుతున్నాడు.

స్టాండు కూడా బరువైనది తెచ్చాము. నడుమ కొక్కెం ఉంది. దానికి నీళ్ళ క్యాను వేలాడదీస్తే గాలి ఎంత కొట్టినా బండ మాదిరి నిలబడుతుంది. ఒక్కటే చిక్కు. కాళ్ళు పొడుగు పెంచడానికి తిప్పే బిళ్ళల్లో ఇసుక దూరుతోంది.

రెడ్డెమ్మ గురించి అడిగావు. పుల్లంపేట వైపు పిల్ల. మనకు ఏమీ కాదు, చుట్టరికం లేదు. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. ఒంటరిగా పడుకోవడానికి భయపడుతుంది, అందుకని మామా గుడారంలోనే పడుకుంటుంది. మామాకు కాళ్ళు పిసికేవాళ్ళు లేనిదే నిద్ర పట్టదు, దానికి తోడు లేనిదే నిద్ర పట్టదు. ఇద్దరికీ కుదిరింది. మంచి పిల్ల. నువ్వు చూస్తే నీకూ నచ్చుతుంది.

యుమ్మాకు చెప్పావా?

నీ మామ


సబా అల్ సలేం,
21 డిసెంబరు 1984

మామకు,

నేను క్షేమం. నువ్వూ క్షేమమేనని, కాళ్ళ నొప్పులు కూడా లేవని నీ ఉత్తరం వల్ల తెలిసింది.

రెడ్డెమ్మ గురించి ఇక అడగను. అడిగినదానికి నువ్వు దాచకుండా రాశావు. అంత దాచకుండా రాస్తావని అనుకోలేదు.

నిన్న సాయంత్రం అన్వర్ అన్న నీ స్టాండు తెచ్చి మా సామాన్ల గదిలో పెట్టాడు. ఒక కాలు బిగుసుకుపోయిందట, దుకాణానికి తీసుకుపోవాలట, శుక్రవారం దుకాణం ఉండదు కాబట్టి శనివారం దాకా ఇక్కడే ఉంటుందట. సరే, వచ్చింది కదా అని దాన్ని వాకిట్లోకి తెచ్చి నిలబెట్టాను. మూడు కాళ్ళూ చాపుకొని ఆడబిడ్డ మాదిరి నిలబడింది. పాత గుడ్డతో తుడిచాను, యుమ్మా పళ్ళు తోముకునే పుల్ల విరిచి బిళ్ళ సందుల్లో ఇసుక తీశాను. నా సవతికి నేనే స్నానం చేయించాను. ఇసుక పోయాక కాలు దానంతట అదే వదిలింది.

వదలకముందు ఒకటి గమనించాను. మీరు వాడినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే బిగుసుకుంది కదా. దాని తల నా మోకాలి కంటే కొంచెం పైకి వచ్చింది, అంతే. అంత పొట్టి మనిషి కువైట్‌లో ఎవరూ ఉండరు. కాబట్టి నిలబడి చూడటం లేదు, నేల మీద కూర్చుని చూస్తున్నారు. నువ్వు ఎవరి పక్కన కూర్చుని చూస్తున్నావో అది నాకు తెలియదు. ఆ దుర్భిణికే తెలియాలి.

యుమ్మాకు ఇంకా చెప్పలేదు.

గంగులమ్మ


సాల్మి రోడ్డు,
28 డిసెంబరు 1984

గంగులూ,

ఎంత తెలివైనదానివి! స్టాండు ఎత్తు చూసి కూర్చుని చూస్తున్నామని కనిపెట్టేశావా? అందరికీ చెప్పి మురిసిపోయాను. అవును, కూర్చునే చూస్తాము. కాళ్ళు ఎంత పొడుగు లాగితే అంత ఊగుతుంది. పొట్టిగా పెట్టి, కాళ్ళు వెడల్పుగా చాపి, దాని ముందు చాప పరుచుకొని కూర్చుంటే చెయ్యి వణికినా బొమ్మ కదలదు. వంగిన కంటి గొట్టం అట్లా కూర్చోవడానికే పుట్టింది.

నిన్న భలే వేడుక జరిగింది. మామా, రెడ్డెమ్మ ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకొని కూర్చుని, ఒకరి తరువాత ఒకరు కన్ను పెట్టి హుబారాను చూశారు. అది మెడ ఈకలు విప్పి నాట్యం చేస్తోంది. రెడ్డెమ్మ కేకలు పెడితే మామా దాని నోరు మూయాల్సి వచ్చింది. పక్క గుడారాలవాళ్ళు మాత్రం బాబా మీద గొణుగుతున్నారు, ఆ గాజు తమ ఆడవాళ్ళ వైపు తిరుగుతుందేమోనని. అందుకని పడమటి వైపు తప్ప ఎటూ తిప్పకూడదని బాబా నాకు గట్టిగా చెప్పాడు.

కాలు నువ్వు బాగు చేశావని అన్వర్ చెప్పాడు. అయినా ఆ స్టాండును వదిలించుకుంటున్నాము. తిప్పే బిళ్ళలు కాకుండా మడత చిలుకులు ఉన్నది తెస్తున్నాము, టక్కున తీసి టక్కున వేయవచ్చు, ఇసుక చొరబడదు.

నీ ఉత్తరం ముభావంగా ఉంది. చివర గంగులు అని కాకుండా గంగులమ్మ అని రాశావు. ఒంట్లో బాగాలేదా?

నీ మామ


సబా అల్ సలేం,
4 జనవరి 1985

చిన్నప్పటి నుంచి నేను మామా అని పిలిచిన మనిషికి,

నాకు ఒంట్లో బాగానే ఉంది. నువ్వు ఇంకా రాస్తూ పోతే ఇంకా బాగుంటుంది.

ఎంత గర్వం నీకు! నీ గురించి నువ్వే మామా, మామా అని రాసుకుంటావా? "మామా గుడారంలోనే పడుకుంటుంది." "మామాకు కాళ్ళు పిసికేవాళ్ళు లేనిదే నిద్ర పట్టదు." ఒకే దుప్పటి! నోరు మూసినావట! ఇవన్నీ నీ చేత్తో రాసి, ఉత్తరం కింద నీ మామ అని సంతకం కూడా పెట్టావు. నేను ఏడవాలని రాశావా, నవ్వాలని రాశావా? నీకు ఆరేళ్ళున్నప్పుడు నేను పుట్టాను. నాకు మాటలు వచ్చినప్పుడు అమ్మ తరువాత వచ్చిన మాట అదేనట. నీకు నేను కాళ్ళు పట్టలేదా? ఒక్కసారి అడిగావా?

దుర్భిణిని ఓర్చుకున్నాను. గాజూ ఇనుమూ కదా అనుకున్నాను. ఇది నా వల్ల కాదు.

ఈ పొద్దున యుమ్మా టీ తాగుతూ, ఏం ఏడుస్తున్నావు అని అడిగింది. నాకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో చెప్పాను. "ఖలాస్ యుమ్మా. నేను ఇంటికి పోతాను" అన్నాను. ఎందుకు అంది. "మామా" అన్నాను. యుమ్మా టీ గ్లాసు కింద పెట్టింది. "మామా? అక్కడ గుడారాల్లో?" అని అడిగింది. అవునని తల ఊపి, కాళ్ళు పిసుకుతున్నట్టు చేసి చూపించి, "రెడ్డెమ్మ, రాత్రి, మామా" అని ఏడ్చాను. యుమ్మా రెండు చేతులూ తొడల మీద కొట్టుకుంది. "నాకు తెలుసు! మొదటి రోజే తెలుసు!" అని అరబ్బీలో అరిచింది. నీ సంగతి ఆమెకు మొదటి రోజే ఎట్లా తెలిసిందో, నాకు మాత్రం తెలియలేదు.

ఇప్పుడు చిన్న కొడుకు కారు తెప్పించుకొని మీ దగ్గరికే బయలుదేరుతోంది. అబాయా వేసుకుంటూ కూడా తిడుతూనే ఉంది. ఆమెకు నా మీద ఇంత ప్రేమ ఉందని అనుకోలేదు. ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను. నా ఇఖామా కొట్టించవద్దని చెప్పాను. మా అమ్మకు ఏమని రాయమంటావో నువ్వే చెప్పు. నీ అక్కే కదా.

గంగులమ్మ


సాల్మి రోడ్డు,
5 జనవరి 1985

గంగులూ,

నేను ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను. ముందు ఆ మాట చెప్పి మిగతాది రాస్తాను.

నిన్న మధ్యాహ్నం గుడారంలో చుట్టాలు భోజనానికి కూర్చున్నారు. యుమ్మా కారు దిగి చెప్పులతోనే లోపలికి వచ్చింది. బాబా లేచి నుదురు ముద్దు పెట్టుకోబోతే పక్కకు నెట్టి, నేరుగా కోడలి దగ్గరికి పోయింది. "దూరదేశం నుంచి వచ్చిన ఆడపిల్లలతో రాత్రంతా కాళ్ళు పిసికించుకుంటావా? నా ఇంట్లో పిల్ల కూడా నీ పేరు చెప్పి ఏడుస్తోంది. దాన్ని కూడా ఏం చేశావు?" అని మొదలుపెట్టి, పదేళ్ళ కిందటి పెళ్ళి విందులో అన్నం ఉడకకపోవడం దాకా పోయింది. కోడలు ఏడుపు. రెడ్డెమ్మ ఏడుపు. బాబా నన్ను బయటికి లాగి, "నా భార్య మీద నా తల్లికి చాడీలు మోసింది నీ పెళ్ళామా? రేపటికి నీ సామాను సర్దుకో" అన్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

అప్పుడు యుమ్మా నీ ఉత్తరం నా ముఖాన కొట్టింది. ఇసుకలో నిలబడి చదివాను. చదివి అక్కడే కూర్చుండిపోయాను. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియక బాబా నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

పిచ్చిదానా, ఈ దేశంలో ఇంటి యజమానిని పనివాళ్ళు బాబా అంటారు. ఆయన భార్యను మామా అంటారు. ప్రతి ఇంట్లో, ప్రతి పనిమనిషి. నువ్వు పని చేసేది ముసలామె దగ్గర, ఆమెను యుమ్మా అంటావు, ఆ గడప దాటి ఎక్కడికీ పోలేదు. అందుకే నీ చెవిన పడలేదు. ఆరేళ్ళుగా వింటూ వింటూ నాకు అది మన మాట కూడా అన్న సంగతే మరుపొచ్చింది. రెడ్డెమ్మ పడుకునేది బాబా భార్య గుడారంలో. కాళ్ళు పిసికించుకునేది ఆమె. దుప్పటి కప్పుకున్నది ఆమె. నోరు మూసింది ఆమె. నేను ఆ పక్కన క్యాను పట్టుకొని నిలబడి ఉన్నాను. ఆ పిల్ల నన్ను అన్నా అంటుంది.

బాబాకు చెప్పాను, మా వైపు మామా అంటే మగవాడు, మేనమామ, నా పెళ్ళాం నన్ను పిలిచేది అట్లాగే అని. ఆయన చాలాసేపు నన్నూ, తన భార్యనూ మార్చి మార్చి చూశాడు. తరువాత గుడారమంతా వినబడేట్టు నవ్వాడు. సామాను మాట మళ్ళీ ఎత్తలేదు. మామా మాత్రం, బాబా భార్య మాత్రం, ఇంకా నాతో మాట్లాడటం లేదు. యుమ్మాకు అంతా విడమరచి చెబితే, "అయితే ఏమైంది? కారణం తప్పు కావచ్చు, నేను అన్న మాటల్లో తప్పు లేదు" అంది. రెడ్డెమ్మ ముక్కు తుడుచుకుంటూ, "అన్నా, నీ పెండ్లాం కనపడితే నన్ను సంపుతాదేమో. నేను ఆయమ్మ ముందరికి రానన్నా" అంటోంది.

ఇదంతా రాస్తుంటే నవ్వే వస్తోంది. కానీ నీ ఉత్తరం మళ్ళీ చదివితే నవ్వు రావడం లేదు. నేను అట్లాంటివాణ్ణని ఇంత తేలిగ్గా ఎట్లా నమ్మావు? యుమ్మాకు చెప్పే ముందు నన్ను తిన్నగా ఒక్క మాట అడగలేకపోయావా? అడిగావు, కాదనను, కానీ చుట్టూ తిప్పి అడిగావు. నేనూ తక్కువవాణ్ణి కాను. నువ్వు మూడు ఉత్తరాల్లో ఏడిస్తే నేను చిలుకుల గురించి రాశాను.

యుమ్మా రేపు ఇంటికి వస్తుంది. ఇఖామా సంగతి మళ్ళీ అడుగుతుంది. ఈసారి ఉండమని నేను చెప్పను. నా మీద నమ్మకం లేకుండా ఇక్కడ ఏడుస్తూ ఉండటం కంటే మీ అమ్మ దగ్గరికి పోవడం మేలు. నీకు ఏది తోస్తే అది చెప్పు. నీ మాట కోసం చూస్తుంటాను.

చిన్నపుల్లయ్య


సబా అల్ సలేం,
11 జనవరి 1985

నీకు,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియక ఇట్లా మొదలుపెట్టాను. ఎందుకో చివర చెబుతాను.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నేను యుమ్మా ముఖం చూడలేదు. ఆమెకు మాత్రం సంబరం తగ్గలేదు. పక్కింటి ముసలమ్మను పిలిచి నన్ను ముందర నిలబెట్టి, "దీని మొగుడి పేరు మామా!" అని చెప్పి ఇద్దరూ దగ్గు వచ్చేదాకా నవ్వారు. నేను కొంగు నోట్లో కుక్కుకొని నిలబడ్డాను.

తప్పు నాదే. నిన్ను అంత మాట అనుకున్నందుకు నా నాలుక కోసుకోవాలనిపించింది. కానీ నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఎట్లా నమ్మావు అన్నావు కదా. ఊరిలో ఉన్నప్పుడు నువ్వు ఎక్కడున్నావో, ఎవరితో మాట్లాడుతున్నావో, ఎవరో ఒకరు వచ్చి చెప్పేవాళ్ళు. ఇక్కడ నువ్వు ఒక కాగితం వెనక ఉన్నావు. ఆ కాగితంలో ఏ మాట ఉంటే నాకు నువ్వు అదే.

మొన్న సోమవారం ఒక వింత జరిగింది. యుమ్మా కోడలు వచ్చింది. ఈ ఇంటికి! తిట్టిపోసిన తరువాత అత్త భోజనానికి కూర్చుని, అన్నం బాగుందని ఒక మాట అందట కదా, ఆ మాటకు వచ్చిందట. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఒకే పళ్ళెంలో ఖర్జూరాలు తిన్నారు. వెంట రెడ్డెమ్మ ఉంది. వంటింట్లోకి వచ్చి తలుపు పక్కన నక్కింది. అన్నం పెట్టి తినమన్నాను. "తింటే ఏమనవు కదా అక్కా?" అంది. ఎంత చిన్న పిల్ల! చేతుల నిండా పొక్కులు. నేను కొబ్బరినూనె రాశాను. నూనె రాస్తుంటేనే హాల్లో నుంచి ఆ కోడలు పిలిచింది. ఈ పిల్ల నా చేతుల్లో నుంచి చేతులు లాక్కొని, "మామా! వచ్చినా మామా!" అని కేక పెట్టి ఉరికింది.

అప్పుడు నాకు ఏమైందో చెబుతాను, తిట్టుకోకు. అంతా తెలిసి కూడా, ఆ పిలుపు ఎవరికో కళ్ళారా చూసి కూడా, నాకు భగ్గున మండింది. ఆ పిల్ల మీద కాదు. ఆ మాట మీద. ఈ ఊళ్ళో ఎన్ని ఇళ్ళున్నాయో అన్ని ఇళ్ళలో, పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా, ఎందరు ఆడపిల్లలు నా మాటను కేకలు పెట్టి పారబోసుకుంటున్నారో! గిన్నెలు కడగమంటే మామా, ఇస్త్రీ చేయమంటే మామా. నేను నీకు తప్ప ఎవరికీ వాడలేదు దాన్ని. ఇక ఇక్కడ నోరు తెరిచి ఆ మాట అంటే నాకు నువ్వు కనబడవు, ఖర్జూరం తినే ఆమె కనబడుతుంది.

యుమ్మా అడిగింది, "ఉంటావా, పోతావా?" అని. నేను ముందే అనుకుని పెట్టుకున్న అరబ్బీ మాటలన్నీ మరిచిపోయాను. పాస్‌పోర్టు పెట్టిన అలమారా తాళాలు ఆమె నడుముకే ఉంటాయి కదా, పోయి ఆ తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె నా తల మీద ఒక్కటి మొట్టి అలమారా తీసింది. వచ్చే వారం నా ఇఖామా కొట్టిస్తారట. నమ్మకం కుదిరి ఉంటున్నాను. అసూయ పోయి కాదు, అది పోయేట్టు లేదు. ఆ దుర్భిణికి చిలుకుల స్టాండు వచ్చిందని అన్వర్ అన్న చెప్పాడు. దానికి కొత్త బట్టలు కుట్టించినట్టు అనిపించి నాకు మళ్ళీ మండింది.

ఈ ఉత్తరం మొదట ఉత్త నీకు అని ఎందుకు రాశానో ఇప్పుడు చెబుతాను. ఈ దేశంలో ఉన్నన్నాళ్ళూ నిన్ను ఆ మాటతో పిలవను. మరి ఏమని పిలవాలి అని మూడు రోజులు ఆలోచించాను. నీ పేరు అందరూ పిలుస్తారు, అన్వర్ అన్న పిలుస్తాడు, బాబా నోరు తిరగక సగం పిలుస్తాడు. కానీ మన ఇళ్ళలో మొగుడి పేరు పెళ్ళాం నోట పుట్టి ఎరగదు. కాబట్టి అది ఏ పెళ్ళామూ వాడని మాటే. నోటితో అనలేను, చచ్చిపోతాను సిగ్గుతో. తలుపు వేసుకొని రాస్తున్నాను.

చిన్నపుల్లయ్యా.

రాసేశాను. ఒత్తు ఎక్కడో పడింది, ఈ ఒక్కటి మాత్రం నోటితో చదువుకోకు, కంటితోనే చదువు. మీ అక్కకు తెలిస్తే నా వేళ్ళు విరగ్గొడుతుంది. రెడ్డెమ్మ కంట గానీ, గాలికి కొట్టుకుపోయి ఇంకెవరి కంట గానీ పడనీయకు. చదవగానే ఈ కాగితాన్ని పొయ్యిలో వేసి, అంతా బూడిదయ్యేదాకా అక్కడే నిలబడు.